అడ్వెంచర్ బండి నుంచి పెద్ద టూరింగ్ బండికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయస్సు 54 సంవత్సరాలు. రెండేళ్లుగా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 అడ్వెంచర్ బండి నడుపుతున్నాను. వ్యాపారం మా అబ్బాయికి అప్పగించాక తీరిక దొరికింది. నెలకు రెండుసార్లు నేనూ నా భార్యా బండి మీదే చెన్నైలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లివస్తాం. ఈమధ్య మోకాలి నొప్పి వల్ల ఆ ఎత్తు సీటు మీదుగా కాలు తిప్పి ఎక్కడం కష్టంగా ఉంది. గూడూరు దాటేసరికి నడుము పట్టేసిందని నా భార్య అంటోంది. అందుకని దూర ప్రయాణాలకు చేసిన హోండా గోల్డ్ వింగ్ వంటి పెద్ద టూరింగ్ బండి కొనాలనుకుంటున్నాను. నెలకోసారి ఉదయగిరి వైపున్న మా సొంత ఊరికి కూడా వెళ్లాలి. చివరి ఆరు కిలోమీటర్లు మట్టిరోడ్డు. ఈ వయస్సులో అంత బరువును నేను మోయగలనా? పాత బండిని అమ్మేయవచ్చా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ ఉత్తరంలో చెన్నై ఉంది, ఉదయగిరి ఉంది, మీ ఇంటి గేటు మాత్రం లేదు. నేను ముందుగా అడగవలసింది దాని గురించే. మన ఊళ్లలో వాననీరు లోపలికి రాకుండా ఇంటి అరుగు ఎత్తు చేసి, గేటు దగ్గర నుంచి వీధిలోకి సిమెంటు ర్యాంపు దించుతారు. కింద మురుగు కాలువ మీద నాపరాయి ఉంటుంది, ఎదురింటివారి స్కూటరు పక్కనే ఉంటుంది. మీ హిమాలయన్ బరువు పెట్రోలుతో కలిపి 196 కిలోలు కాబట్టి, దానిని మీరు ఇంతకాలం ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని, నడుముతో ఆనించి, ర్యాంపు మీద వెనక్కీ ముందుకూ జరుపుతూ ఉండి ఉంటారు. గోల్డ్ వింగ్ టూర్ బరువు సుమారు 390 కిలోలు, అంటే మీ ఇప్పటి బండికి దాదాపు రెండింతలు. దానికి మోటారుతో వెనక్కి నడిచే సదుపాయం ఉన్నా, ర్యాంపు మీద వాలుగా, అడ్డంగా ఆగిపోయిన బండిని ఆ సదుపాయం నిలబెట్టదు. కాబట్టి కొలటేపు తీసుకుని గేటు వెడల్పు, ర్యాంపు పొడవు, బయటికి వచ్చాక తిరగడానికి వీధిలో ఉన్న జాగా కొలవండి. బండిని ముందుకే లోపలికి తెచ్చి ముందుకే బయటికి తీసుకుపోగల చోటు ఇంట్లో ఉంటే మీ ప్రశ్నలో సగం తీరినట్టే. లేకపోతే బండి కొనేముందు ర్యాంపును పగలగొట్టించి, వాలు తగ్గించి మళ్లీ పోయించండి.

ఇక మోయడం గురించి. టూరింగ్ బండిని ఎవరూ మోయరు, మోయవలసిన అవసరం రాకుండా నడుపుతారు. ఈ తేడా అర్థం కావాలంటే బరువు ఎంత ఉందన్న దానితోపాటు ఎక్కడ ఉందో చూడాలి. మీ అడ్వెంచర్ బండికి 230 మిల్లీమీటర్ల నేల ఎడం (బండి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ), చక్రాలు 200 మిల్లీమీటర్లు ఆడగలిగే సస్పెన్షన్, 825 మిల్లీమీటర్ల ఎత్తున సీటు ఉంటాయి. అందుచేత ఇంజనూ ట్యాంకూ మనిషీ అందరూ పైనే ఉంటారు. గోల్డ్ వింగ్‌లో 1833 సీసీ ఇంజను సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. సీటు ఎత్తు 745 మిల్లీమీటర్లే. మీ రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనతాయి, మోకాలికి అది పెద్ద ఊరట. ఈ కారణంగానే షోరూములో బండి మీద కూర్చుని సైడ్ స్టాండు మీద నుంచి నిటారుగా లేపినప్పుడు ఎవరికైనా ‘ఇంతేనా బరువు’ అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి డబ్బు కట్టకండి. బండి నిటారుగా ఉన్నంతసేపు బరువంతా చక్రాల మీద ఉంటుంది; కొద్దిగా వాలినా మీ కాలు ఆపగలుగుతుంది; ఒక హద్దు దాటి వాలిందంటే మాత్రం మీరు కాదు, మీకంటే రెండింతలు బలమున్నవారు కూడా ఆపలేరు. 196 కిలోల బండికి ఆ హద్దు చాలా దూరంలో ఉంటుంది, తప్పు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. పెద్ద బండికి ఆ హద్దు దగ్గరగా ఉంటుంది, వ్యవధి ఉండదు.

ఈ మాటను నేను అనుభవంతో చెబుతున్నాను. ఎనిమిదేళ్లు అడ్వెంచర్ బండి నడిపి, కొండలూ వాగులూ తిరిగి, చేయి బాగా కుదిరిందన్న ధైర్యంతో పెద్ద బండి కొన్నాను. కొన్న మూడో వారంలో పొదిలిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగడానికి నెమ్మదిగా ఎడమకు తిప్పుతున్నాను. సిమెంటు నేల కాలువ వైపు వాలి ఉంది. ఎదురుగా ఒక మోపెడ్ రావడంతో అలవాటు ప్రకారం ముందు బ్రేకు మీద రెండు వేళ్లు పడ్డాయి. హ్యాండిల్ తిరిగి ఉన్న సమయంలో, నడక వేగంలో, ముందు బ్రేకు పట్టుకుంటే బండి ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపుకే ఒరుగుతుంది. అదే జరిగింది. దబ్బున పడలేదు, నెమ్మదిగా, నా తొడ మీద బరువు పెంచుకుంటూ, పాదం కింద ఇసుక జారుతుండగా ఒరిగి, పక్క గార్డు మీద ఆగింది. చేతి గడియారం చూసుకునేంత సేపు పట్టింది, అయినా నేను ఏమీ చేయలేకపోయాను. బంకులో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లు పరుగున వచ్చి చెరో హ్యాండిలూ పట్టుకుని లాగారు, బండి కదలలేదు. చీమకుర్తి రాళ్లు వేసుకుని పోతున్న లారీ క్లీనరొకరు దిగివచ్చి, ‘హ్యాండిల్ వదిలేయండి, కిందనుంచి లేపాలి’ అని చెప్పి, బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపారు. అదే సరైన పద్ధతి. ఇంజను ఆపి, గేరులో పెట్టి లేదా పార్కింగ్ బ్రేకు వేసి, కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు దించి, నేల వైపున్న హ్యాండిల్ పిడిని ట్యాంకు వైపుకు పూర్తిగా తిప్పి ఒక చేత్తో, వెనుక కడ్డీని మరో చేత్తో పట్టుకుని, వీపుతో సీటును నెడుతూ లేపాలి. అయితే మోకాలి నొప్పి ఉన్న మీరు ఇది ఒంటరిగా ప్రయత్నించవద్దు. రోడ్డు పక్కన నిలబడి ఇద్దరిని పిలవండి, వాళ్లకు పద్ధతి చెప్పండి.

పెద్ద బండిని ఎలా నేర్చుకోవాలో కూడా చెబుతాను. హైవే మీద నేర్చుకోవలసినది తక్కువ, అక్కడ గంటకు 40 కిలోమీటర్లు దాటితే ఆ బండి తనంతట తానే నిలకడగా పోతుంది. నేర్చుకోవలసినదంతా నడక వేగంలో ఉంది. మన ప్రతి పట్టణం చివరా సిమెంటు రోడ్లు వేసి, ఇళ్లు ఇంకా కట్టని ఇళ్ల స్థలాల లేఅవుట్లు ఉన్నాయి. అలాంటి చోట తెల్లవారుజామున, రెండు వారాలపాటు రోజూ అరగంట, సామాను పెట్టుకునే పక్క పెట్టెలు ఖాళీగా ఉంచి, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా సాధన చేయండి. చూపు మీరు వెళ్లదలచిన చోటు మీద ఉండాలి. యూటర్న్ తిరుగుతున్నప్పుడు గడ్డం భుజానికి ఆనేంతగా తల తిప్పాలి. ముందు చక్రం వైపు చూస్తే బండి అక్కడే పడుతుంది. వేగాన్ని వెనుక బ్రేకుతోనే అదుపు చేయాలి. క్లచ్ ఉన్న బండి అయితే హాఫ్ క్లచ్ దగ్గర పట్టి ఉంచి, ఇంజనుకు కొద్దిగా ఆక్సిలరేటర్ ఇస్తూ, వెనుక బ్రేకును తేలికగా నొక్కి నడపాలి. గోల్డ్ వింగ్‌లో వచ్చే ఏడు గేర్ల ఆటోమేటిక్ రకంలో క్లచ్ లీవరే ఉండదు కాబట్టి ఆక్సిలరేటర్, వెనుక బ్రేకు ఈ రెండింటి సమన్వయమే ఆధారం. ఆగేముందు చివరి రెండు గజాలలో హ్యాండిల్ నిటారుగా ఉందో లేదో చూసుకుని ఆపండి. నేను ఇప్పటికీ ఆగే ప్రతిసారీ ఇది చూసుకుంటాను. రెండు వారాల తర్వాత మీ శ్రీమతిని కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చేయండి. మీరు రెండు పాదాలూ ఆనించి, బ్రేకు పట్టుకుని ‘ఊఁ’ అన్న తర్వాతే ఆమె ఎక్కాలి, దిగాలి. ఈ ఒక్క అలవాటు లేక పడిన బండ్లను నేను అనేకం చూశాను.

మీ చెన్నై ప్రయాణానికి మాత్రం ఈ బండి నిజంగా తగినది. 16వ నంబరు జాతీయ రహదారి కావలి నుంచి నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా దాదాపు తిన్నగా పోతుంది. వెనుక సీటుకు వీపు ఆనే దిండు, చేతులు పెట్టుకునే చోటు ఉంటాయి కాబట్టి మీ శ్రీమతి నడుముకు అది కుర్చీతో సమానం. ముందు చక్రానికి మామూలు ఫోర్కు గొట్టాలు కాక కార్లలో ఉండే తరహా రెండు చేతుల సస్పెన్షన్ ఉండడం వల్ల గతుకు దెబ్బ చేతులకు చాలావరకు రాదు. మధ్యాహ్నం వేళ కావలి, నెల్లూరు మధ్య సముద్రం వైపు నుంచి వీచే అడ్డగాలి మాత్రం వెడల్పాటి ముందు తొడుగుకు బాగా తగులుతుంది. లారీని దాటిన క్షణంలో బండి ఒక్కసారిగా పక్కకు జరిగినట్టు ఉంటుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా, మోచేతులు వదులుగా ఉంచి, గాలి వచ్చే వైపు పిడిని మెల్లగా ముందుకు నొక్కితే సర్దుకుంటుంది. నాలుగు లేన్ల రహదారి మీద మోటార్ సైకిళ్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 126 హార్స్ పవర్ ఉన్న బండికి ఆ వేగం ఆటగా ఉంటుంది, ముందు అద్దం వెనుక గాలి తగలక వేగం తెలియదు, కాబట్టి మీటరు చూస్తూ ఉండండి.

వేసవి గురించి దాచకుండా చెప్పాలి. చలికాలంలో సుఖమిచ్చే ఆ ముందు తొడుగే మే నెలలో ఒంటికి గాలి తగలనివ్వదు. హిమాలయన్ మీద వడగాలైనా గాలి ఆడేది; ఇక్కడ రేడియేటర్ వేడి, ఎండ వేడి, చెమట ఆరని జాకెట్టు మూడూ కలుస్తాయి. మే, జూన్ నెలల్లో చెన్నైకి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి ఎనిమిదింటికల్లా చేరుకోవడం, సాయంత్రం పొద్దువాలాక తిరిగి రావడం తప్ప నాకు వేరే ఉపాయం తోచదు. ట్యాంకు 21 లీటర్లు. లీటరుకు 17, 18 కిలోమీటర్లు వస్తుంది కనుక చెన్నై వరకు మధ్యలో పెట్రోలు కోసం ఆగనక్కరలేదు.

ఇప్పుడు ఉదయగిరి. ఆ ఊరికి గోల్డ్ వింగ్ తీసుకువెళ్లవద్దు. దాని నేల ఎడం 130 మిల్లీమీటర్లు. ప్రతి పల్లె ముందూ ఎవరికి తోచినంత ఎత్తున వేసిన స్పీడ్ బ్రేకర్లలో కొన్నింటికి అది అడుగున రాచుకుంటుంది; ఇద్దరు కూర్చుని, పెట్టెలు నింపితే ఇంకా కిందికి దిగుతుంది. అడ్వెంచర్ బండి మీద గతుకు కనిపించగానే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లతో దెబ్బ తీసుకుంటాం. టూరింగ్ బండి మీద అలా నిలబడే వీలు సరిగా లేదు, సస్పెన్షన్ ఆడే దూరం కూడా దాదాపు సగమే. మట్టిరోడ్డు మీద ఎండినప్పుడు దుమ్ము, తడిసినప్పుడు జారుడు. వెడల్పాటి నున్నని టైరు ఆ బురదలో పట్టు దొరకక 390 కిలోలతో పక్కకు పోతే ఆపడానికి మీరు చేయగలిగేది ఏమీ ఉండదు.

కోతల కాలంలో ఇంకో ప్రమాదం ఉంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, సంగం వైపు రైతులు రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి, వాహనాలు పైకి రాకుండా అంచు పొడవునా బంతి సైజు రాళ్లు వరసగా పెడతారు. సాయంత్రం వడ్లు ఎత్తేశాక కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి, గింజలు పలుచగా చెల్లాచెదురై ఉంటాయి. ఆ గింజల మీద చక్రం గోలీల మీద పోయినట్టు పోతుంది. చీకటిపడ్డాక ఆ రాయి ముందు చక్రానికి తగిలితే అడ్వెంచర్ బండి 21 అంగుళాల చక్రంతో ఎగిరి దాటుతుంది. పెద్ద బండికి రిమ్ము సొట్టపడుతుంది, లేదా మనిషి పడతాడు. రైతును తప్పు పట్టలేం, ఆయనకు కళ్లం చాలదు. మనమే వేగం తగ్గించుకుని, చీకటి పడకముందే ఆ దారి దాటాలి.

అందుచేత నా సలహా ఇది. పెద్ద బండి కొనండి, కానీ హిమాలయన్‌ను కనీసం ఒక వానాకాలం గడిచేవరకు అమ్మవద్దు. ఆ కొద్ది నెలల్లో ఏ బండిని ఎన్నిసార్లు బయటికి తీశారో, ఎందుకు తీశారో క్యాలెండరు మీద రాసుకోండి. రెండు బండ్లు పెట్టుకునే స్తోమత లేకపోతే, సగం దూరం వెళ్లి ఆగే దారి ఒకటి ఉంది. 279 కిలోల బీఎండబ్ల్యూ ఆర్ 1250 ఆర్‌టీ, ఇంకా తేలికగా, సుమారు 219 కిలోలున్న కవాసాకీ వెర్సిస్ 650 కూడా దూర ప్రయాణానికి చేసినవే. వెర్సిస్ సీటు మాత్రం 845 మిల్లీమీటర్ల ఎత్తు కాబట్టి మీ మోకాలికి అది పనికిరాదు. కొనేముందు చెన్నైలో టెస్ట్ రైడ్ అడిగినప్పుడు మీరొక్కరే కాక మీ శ్రీమతిని కూడా కూర్చోబెట్టుకుని, షోరూము ముందున్న రోడ్డు మీద కాక రద్దీలో, యూటర్న్ ఉన్న చోట నడిపి చూడండి. మరమ్మతులకు, టైర్లకు కూడా మీరు చెన్నైకే పోవలసి ఉంటుంది. ఈ పరిమాణపు టైరు మన ఊళ్లలో దొరకదు కాబట్టి అరిగే వరకు ఆగకుండా ముందే తెప్పించుకోండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. నా ఎత్తు 160 సెంటీమీటర్లు. మూడేళ్లుగా 390 సీసీ అడ్వెంచర్ బండి నడుపుతున్నాను, ఆగినప్పుడు మునివేళ్లే నేలకు అందుతాయి. సెలవుల్లో విశాఖ, హంపి వెళ్లివచ్చాను. ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650కి మారదామంటే, ఆడవాళ్లకు అంత బరువు దేనికని ఇంట్లో అందరూ అంటున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మునివేళ్ల మీద బండి నిలిపి హంపి వెళ్లివచ్చిన మీకు బరువు గురించి చెప్పవలసింది వాళ్లు కాదు. మునివేళ్ల మీద నిలిపిన ఎత్తైన బండి కంటే, రెండు పాదాలూ పూర్తిగా ఆనిన 241 కిలోల బండి ఆగి ఉన్నప్పుడు నిలకడగా ఉంటుంది. సూపర్ మీటియర్ సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు, మీ కాళ్లకు సరిగ్గా సరిపోతుంది. చేతి బలం కంటే పాదం ఆనే చోటు, చూపు, బ్రేకు వాడే తీరు ముఖ్యమని పై జవాబులో రాసినదంతా మీకూ వర్తిస్తుంది. నడక వేగపు సాధన మాత్రం మానవద్దు.

మీరు ఆలోచించవలసిన విషయం వేరొకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. అడ్వెంచర్ బండి మీద ఫుట్‌రెస్టులు తుంటికి సరిగ్గా కింద ఉంటాయి కాబట్టి గతుకు వచ్చినప్పుడు బరువును కాళ్లు తీసుకుంటాయి. సూపర్ మీటియర్ మీద కాళ్లు ముందుకు చాచి కూర్చుంటాం. ఆ భంగిమలో గతుకు దెబ్బ నేరుగా వెన్నెముక చివరికి వస్తుంది, లేచి తప్పించుకునే వీలు ఉండదు. హైవే మీద రెండు గంటలు హాయిగా ఉన్న అదే సీటు, ఒంగోలు నుంచి కనిగిరి మీదుగా పామూరు పోయేసరికి మీకు వేరుగా కనిపించవచ్చు. అందువల్ల కొనేముందు స్నేహితుల దగ్గరో అద్దెకో ఒక పూట బండి తీసుకుని, మీరు ఎక్కువగా తిరిగే రోడ్డు మీదే వంద కిలోమీటర్లు నడపండి. నడుములో నొప్పి మొదటి గంటలో రాదు, మూడో గంటలో వస్తుంది. వంద కిలోమీటర్లలోపు నొప్పి మొదలైతే ఆ బండి మీకు కాదు. రాకపోతే, 648 సీసీ రెండు సిలిండర్ల ఇంజను పైగేరులో ఎంత సాఫీగా పోతుందో చూశాక మీరు వెనక్కి రారనే నా నమ్మకం. ట్యాంకు 15.7 లీటర్లే కాబట్టి 250 కిలోమీటర్లకోసారి బంకు చూసుకోండి.

ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఒక మాట: వెడల్పాటి ముందు తొడుగు లేని బరువైన బండి అడ్డగాలికీ లారీ గాలికీ తేలికగా ఊగదు. వాళ్ల భయం దేని గురించో అక్కడ అది మీకు సాయమే చేస్తుంది.

ప్రశ్న: మాకు శ్రీశైలం దగ్గర. దోర్నాల నుంచి పైకి అడ్వెంచర్ బండి మీద లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. ఇప్పుడు పెద్ద టూరింగ్ బండి కొన్నాను. ఘాట్ మలుపుల్లో బండి తిరగడానికి మొరాయిస్తున్నట్టుగా ఉంది, ఒకసారి కింద ఏదో రాచుకుని నిప్పురవ్వలు కూడా వచ్చాయి. బండిలో లోపమా?
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: లోపం కాదు, పొడవు. అడ్వెంచర్ బండికి రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం సుమారు 1500 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్ద టూరింగ్ బండికి దాదాపు 1700 ఉంటుంది. అదిగాక అడ్వెంచర్ బండి వెడల్పాటి హ్యాండిల్ మనకు కొద్ది బలంతోనే తిప్పే వీలు ఇస్తుంది, ఒంటిని పక్కకు వంచినా తిరుగుతుంది. పెద్ద బండి ఒంటిని పట్టించుకోదు. ఎడమకు తిరగాలంటే ఎడమ పిడిని ముందుకు నొక్కాలి, కుడికి తిరగాలంటే కుడి పిడిని. వినడానికి విరుద్ధంగా ఉన్నా వేగంలో ఉన్న ప్రతి మోటార్ సైకిలూ ఇలాగే తిరుగుతుంది, తేలిక బండి మీద మనకు తెలియకుండానే చేస్తాం, బరువైన బండి మీద తెలిసి చేయాలి.

రాచుకున్నది ఫుట్‌రెస్టు కానీ ఫుట్‌బోర్డు కానీ అయి ఉంటుంది. బండి ఇక వంగలేదన్న హెచ్చరిక అది. ఆ క్షణంలో భయపడి బ్రేకు నొక్కవద్దు. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, వేగం తగ్గించి గేరు మార్చి, తర్వాత ఆక్సిలరేటర్‌ను సమంగా పట్టుకుని మలుపు పూర్తి చేయండి. దిగుడులో వేగాన్ని ఇంజనుతో పట్టాలి. 390 కిలోల బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిసి ఐదారు వందల కిలోలను కేవలం బ్రేకులతో దించుకుంటూ వస్తే బ్రేకు ఫ్లూయిడ్ కాగి, లీవరు మెత్తబడుతుంది. వెనుక కూర్చున్నవారు మలుపులో మీతోపాటే వంగాలి, ఎదురు వంగకూడదు. మలుపులో ఎండుటాకులు తడిసి ఉంటే, కోతులు దిగే చోట్ల రోడ్డు మీద తొక్కలు పడి ఉంటే, మీరు పాత బండి మీద పోయిన వేగంలో సగంతో పోండి. ఆ అడవి దారి గేట్లు రాత్రి మూసివేస్తారు కాబట్టి గేటు వేళకు అందుకోవాలన్న తొందరతో దిగుడులో నడపకుండా మధ్యాహ్నమే బయలుదేరండి.

ప్రశ్న: టూరింగ్ బండికి చైను ఉండదని, నిర్వహణ ఖర్చే లేదని షోరూములో చెప్పారు. నిజమేనా? మా ఇల్లు పాకల బీచ్‌కు దగ్గర.
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: సగం నిజం. గోల్డ్ వింగ్‌కూ, బీఎండబ్ల్యూ ఆర్‌టీకీ చైనుకు బదులు ఇంజను బలాన్ని వెనుక చక్రానికి చేర్చే ఇనుప షాఫ్టు ఉంటుంది. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద టూరింగ్ బండ్లకు రబ్బరు బెల్టు ఉంటుంది. ఉప్పుగాలికి రెండు రోజుల్లో ఎర్రబడే చైనును ప్రతి 500 కిలోమీటర్లకు తుడిచి నూనె రాసే బాధ మీకు పూర్తిగా తప్పుతుంది, సముద్రపు ఒడ్డున ఉండేవారికి ఇది చిన్న సుఖం కాదు. అయితే షాఫ్టు చివర ఉన్న గేరు పెట్టెలో నూనె ఉంటుంది, పుస్తకంలో చెప్పిన గడువుకు దానిని మార్చాలి, సీలు దగ్గర చెమ్మ కనిపిస్తుందేమో చూస్తుండాలి. బెల్టుకు నూనె అక్కరలేదు కానీ కంకర రాయి ఇరుక్కుంటే కోసుకుపోతుంది. ఇసుకలోకి మాత్రం బండిని దించవద్దు. బీచ్ దగ్గర గట్టినేల మీదే ఆపి, సైడ్ స్టాండు కింద అరచేయంత చెక్క ముక్క పెట్టండి. మే నెలలో తారు మెత్తబడిన రోడ్డు పక్కన ఆపినా అంతే చేయండి, గంట సేపట్లో స్టాండు తారులో దిగబడి బండి ఒరిగిన సంఘటన నేను చూశాను.

ప్రశ్న: కొత్తది కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి చూస్తున్నాను. పన్నులు, ఇన్సూరెన్స్ ఎలా ఉంటాయి? ఏం చూసి కొనాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కొత్త బండ్ల ధర ఎందుకు పెరిగిందో ముందు తెలుసుకోండి, అది పాత బండి బేరంలో అమ్మేవారికి అనుకూలంగా పనిచేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన మోటార్ సైకిళ్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు 28 శాతం పన్ను, 3 శాతం సెస్సు కలిపి 31 శాతం ఉండేది. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 350 సీసీ పైబడిన బండ్లకు 2022లో ఏడాదికి 2,804 రూపాయలుగా నిర్ణయించారు, అది భారం కాదు. భారమయ్యేది సొంత నష్టానికి కట్టే ప్రీమియం. ఆగి ఉన్న చోట ఒరిగి పడినా పక్క తొడుగు, అద్దం, పెట్టె మూడూ గీసుకుపోతాయి, ఒక్కొక్క ప్లాస్టిక్ ముక్క ధర మీరు ఊహించనంత ఉంటుంది. కాబట్టి తరుగు మినహాయించని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఆ బండి వయస్సుకు ఇస్తారేమో బేరం కుదుర్చుకునే ముందే అడగండి.

బండిని చల్లగా ఉన్నప్పుడు చూడండి, ముందే స్టార్టు చేసి ఉంచితే మరో రోజు వస్తానని చెప్పండి. హ్యాండిల్ కొనలు, పక్క గార్డుల అడుగు భాగం, పెట్టెల మూలలు వంగి చూడండి, ఎన్నిసార్లు పడిందో అక్కడ రాసి ఉంటుంది. ఒకటి రెండు గీతలకు భయపడనక్కరలేదు, బరువైన బండ్లన్నీ ఒకసారైనా ఒరుగుతాయి. రేడియోలు, గాలిని ఆపే ఎలక్ట్రిక్ ముందు అద్దం, వెనక్కి నడిపే మోటారు ప్రతిదీ నొక్కి చూడండి, వీటి మరమ్మతు ఇంజను మరమ్మతంత ఖరీదు. టైర్లు మాత్రం నిండుగా కనిపించినంత మాత్రాన నమ్మవద్దు. పెద్ద బండ్లు ఏడాదిలో ఎక్కువ భాగం షెడ్డులోనే ఉంటాయి, గాడులు అరగకుండానే రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అన్న గుర్తు తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగు చూడండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. అంత పాతవైతే రెండు టైర్ల ధరా బేరంలో తగ్గించమని అడగండి.